పోయినవాళ్ళతో ఒప్పందం

హొయాంగ్‌హో తీరాన – 17

మోకాలెత్తు కూడా లేని మట్టి జాడీ. దాని పొట్ట మీద కుంచెతో రాసిన మూడు అక్షరాలు: కొర్రలు, పదివేల షి.

షి అంటే హాన్ రాజుల నాటి కొలత. మన లెక్కలో 20 లీటర్ల దాకా వస్తుంది. పదివేల షి అంటే రెండు లక్షల లీటర్ల కొర్రలు. జాడీలో పట్టేది చూస్తే రెండు కుంచాలు. రాసినవాడికి లెక్క రాక కాదు. పోయి నేల కింద ఉండేవాళ్ళ కొలత వేరు, అంతే. దర్భల మీద మూడు ముద్దలు పెట్టి, మూడు తరాల పెద్దల కడుపు నిండిందని లేచే మనకు ఈ లెక్క అర్థం కావడం కష్టమేమీ కాదు.

1952–53లో లోయాంగ్ ఊరి అంచున షావోగౌ అనే చోట 225 హాన్ సమాధులు తవ్వారు. అందులో ఇలాంటి గాదె జాడీలే కాదు, మట్టి పొయ్యిలు, మట్టి బావులు కూడా బయటపడ్డాయి. హాన్ సమాధుల్లో ఎక్కడ చూసినా ఈ బొమ్మల కొలువే: కోళ్ళు, కుక్కలు, పందుల దొడ్డి, దాని మీదే మరుగుదొడ్డి. బొమ్మరిల్లు ఆడుకునే పిల్లలు సర్దిపెట్టి, ఎవరో పిలిస్తే వదిలేసి వెళ్ళినట్టు ఉంటాయి.

పోయిన సంచికలో మనం అన్‌యాంగ్‌లో ఫూ హావో రాణి సమాధి దగ్గర ఆగాం. క్రీ.పూ. 1200 ప్రాంతపు ఆ రాణి వెంట 16 మంది మనుషుల్ని, ఆరు కుక్కల్ని పంపారు. వెయ్యేళ్ళు గడిచేసరికి మనిషి స్థానంలోకి మట్టిబొమ్మ వచ్చింది, నిజం గాదె స్థానంలోకి జాడీ వచ్చింది. మనం దీన్ని పెద్ద మెరుగుదల అనుకుంటాం గానీ, కన్ఫ్యూషియస్‌కి ఆ బొమ్మలు కూడా నచ్చలేదట. మనిషి పోలికతో బొమ్మ చేసి పాతిపెట్టడం మొదలెట్టినవాణ్ణి ఆయన శపించాడని తత్వవేత్త మెన్షియస్ చెబుతాడు. బొమ్మను పాతే చెయ్యి రేపు మనిషిని పాతడానికి వెనకాడదని ఆయన భయం కాబోలు.

షియాన్‌లోని మట్టి సైన్యం సంగతి పాఠకులందరికీ తెలుసు. ఈ వారం దాని జోలికి వెళ్ళను. చక్రవర్తి ఏమైనా చేయగలడు. నాకు కావలసింది ఊళ్ళో కాస్త కలిగినవాడు, చిన్నపాటి అధికారి, ఇంటి పెద్ద. అలాంటివాడు పోతే ఏం చేశారు? దానికి జవాబు కావాలంటే లోయాంగ్‌కి ఉత్తరాన ఉన్న మాంగ్‌షాన్ గుట్ట ఎక్కాలి.

ఎక్కాలి అన్నానే గానీ, అదేమంత కొండ కాదు. ఇటు లో నది, అటు హొయాంగ్‌హో, నడుమ బారుగా పడుకున్న మెట్ట. గాలి మోసుకొచ్చి పోసిన పసుపు మట్టి. ఈ మట్టికి ఒక గుణం ఉంది. నిట్టనిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది, తవ్వడానికి మాత్రం మెత్తగా ఉంటుంది. భూగర్భ జలం లోతున ఉంటుంది కాబట్టి పేటికకు తడి తగలదు. వెనక కొండ, ముందు నీరు ఉండాలనే వాస్తు పట్టింపు చీనాలో ఎలాగూ ఉంది. బతికితే సుజౌ, హాంగ్‌జౌలలో బతకాలి, పోతే మాంగ్‌షాన్‌లో పడుకోవాలి అని ఒక నానుడి పుట్టింది. ఆరు రాజవంశాల రాజులు అక్కడే ఉన్నారు. వాళ్ళ చుట్టూ మంత్రులు, వాళ్ళ చుట్టూ బంధువులు, వాళ్ళ చుట్టూ ఊరి జనం. గుట్ట మీద ఎద్దు పడుకునేంత జాగా కూడా మిగల్లేదని అక్కడివాళ్ళే అంటారు.

లోయాంగ్ మనకు మరీ పరాయి ఊరేం కాదు. ధాన్యకటకానికి వచ్చి కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకున్న హుయాన్‌త్సాంగ్ ఈ ఊరి పక్కనే గౌషి ప్రాంతంలో పుట్టాడు. ఏడో శతాబ్దంలో కృష్ణ ఒడ్డున తిరిగిన ఆ మనిషి చిన్నప్పుడు చూసిన గుట్ట ఇదే. ఆయన్ని మాత్రం ఇక్కడ ఉంచలేదు, చాంగాన్ దగ్గర ఉంచారు.

1987లో ఈ గుట్ట మీద పురాతన సమాధుల మ్యూజియం తెరిచారు. ఊరు పెరిగే కొద్దీ రోడ్ల కిందా ఫ్యాక్టరీల కిందా పడిపోయే సమాధుల్ని ఇటుక ఇటుకకూ అంకె వేసి విప్పి, ఇక్కడ నేల అడుగున మళ్ళీ పేర్చారు. శ్రీశైలం నీళ్ళలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయీ విప్పి అలంపురానికి తెచ్చుకున్నాం చూడండి, ఆ పద్ధతే. మెట్లు దిగి వసారాల వెంట నడుస్తుంటే పశ్చిమ హాన్ నుంచి సోంగ్ రాజుల దాకా, అంటే వెయ్యేళ్ళకు పైగా, గదులు వరసగా వస్తాయి. ప్రపంచంలో చాలా మ్యూజియాలు సమాధిలోని సొమ్ము చూపిస్తాయి. ఇక్కడ చూపించేది సమాధినే. నా మట్టుకు నాకు ఇదే గొప్ప. సొమ్ము చూస్తే ఉన్నవాడి గొప్ప తెలుస్తుంది, గది చూస్తే కట్టినవాడి మనసు తెలుస్తుంది.

ఆ మనసు ఎలా మారిందో మొదటి రెండు మూడు గదుల్లోనే కనిపిస్తుంది. అంతకుముందు సమాధి అంటే బావి లాంటి గొయ్యి. అడుగున కర్రపెట్టె, అందులో పేటిక, పైన గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి. మూస్తే మూసినట్టే. పశ్చిమ హాన్ నడిమి కాలం నుంచి భార్యాభర్తల్ని ఒకే గదిలో పక్కపక్కన ఉంచే ఆచారం బలపడింది. ఇద్దరూ ఒకే రోజు పోరు కదా. ముందు పోయినవారి దగ్గరికి రెండోవారిని చేర్చాలంటే సమాధిని మళ్ళీ తెరవాలి. అలా సమాధికి తలుపు వచ్చింది. తలుపు వచ్చాక గడప, గది, పైకప్పు, వంటింటి మూల అన్నీ వచ్చాయి. గొయ్యి కాస్తా ఇల్లయింది.

ఆ ఇళ్ళకు వాడిన ఇటుకలు చూడాలి. మీటరు పొడవు, లోపల డొల్ల. అంత పెద్ద ఇటుక నిండుగా పోస్తే ఆవంలో పగిలిపోతుంది. డొల్లగా పోస్తే సమంగా ఆరుతుంది, సమంగా కాలుతుంది, బరువూ తక్కువ. ఈ డొల్ల ఇటుకలతో కట్టిన ఒక చిన్న సమాధి 1976లో దొరికింది. లోపల చిన్న కంచు ముద్ర. దాని మీద పేరు: బు ఛియెన్‌ఛియు. ఛియెన్‌ఛియు అంటే వెయ్యి శరత్తులు. మన నూరేళ్ళ దీవెనకు పది రెట్లు. చరిత్ర పుస్తకాల్లో ఈయన లేడు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో బతికిన కలిగినవాడు, అంతే.

తల ఎత్తితే పైకప్పు నడికొప్పున ఇరవై ఇటుకల పొడవునా ఒక ఊరేగింపు. ఒక చివర కాకి ఉన్న సూర్యుడు, ఇంకో చివర కప్ప ఉన్న చంద్రుడు. నడుం కింద పాము శరీరాలున్న ఆదిదంపతులు ఫూషి, న్యూవా. తెల్ల పులి, ఎర్ర పక్షి, డ్రాగన్లు. ఈ సందడి మధ్య భార్య మూడు తలల పక్షినెక్కి, చేతిలో కాకిని పట్టుకుని పోతుంటుంది. భర్త విల్లు పట్టుకుని పాము మీద ఆమె వెంట పోతుంటాడు. ఇద్దరికీ కళ్ళు మూసి ఉంటాయి. చిత్రకారుడు ఎందుకలా గీశాడో పండితులు ఏదో ఒకటి చెబుతారు. నాకు మాత్రం రాత్రి బస్సులో కునికిపాట్లు పడుతూ సొంతూరు పోయే దంపతులు గుర్తొస్తారు.

1957లో లోయాంగ్‌లో దొరికిన ఇంకో హాన్ సమాధిలో బొమ్మ పూర్తిగా వేరు. దానికి 61వ నంబరు. గోడ మీద ఒక పళ్ళెం, అందులో రెండు పళ్ళు, చుట్టూ ముగ్గురు వీరులు. కథ ఇది. చీ రాజు జింగ్ కొలువులో ముగ్గురు యోధులు మితిమీరి విర్రవీగుతున్నారు. బలంతో వాళ్ళను పట్టలేమని మంత్రి యాన్ యింగ్‌కి తెలుసు. రాజు చేత రెండు పీచ్ పళ్ళు పంపించాడు, ముగ్గురిలో ఎవరి ప్రతాపం గొప్పదో వాళ్ళే తీసుకోమని. ఇద్దరు చెరొకటి లాక్కున్నారు. మూడోవాడు తాను చేసిన సాహసాలు చెప్పేసరికి ఆ ఇద్దరికీ సిగ్గేసింది. పళ్ళు తిరిగి పెట్టేసి గొంతు కోసుకున్నారు. వాళ్ళు పోయాక తాను మిగలడం అవమానమని మూడోవాడూ అదే పని చేశాడు. తెనాలి రామకృష్ణుడి కథలా మొదలై ముగ్గురి చావుతో ముగిసే ఈ కథను సమాధి గోడ మీద ఎందుకు రాయించుకున్నారు? నీతి కోసం అంటారు కొందరు. నా ఊహ ఇంకొకటి. అన్యాయంగా చచ్చినవాళ్ళు మహా ఉగ్రంగా ఉంటారు. దుష్టశక్తులు రాకుండా కాపలా పెట్టుకోవడానికి అంతకంటే తగినవాళ్ళెవరు?

ఇక్కడే అసలు సంగతికి వస్తాం. ఈ ఇళ్ళు, జాడీలు, బొమ్మలు చూసి పెద్దల మీద ప్రేమ అని మురిసిపోతాం. ప్రేమ ఉంది, కాదనను. కానీ తూర్పు హాన్ గదుల్లోకి అడుగుపెట్టేసరికి పక్కనే భయం కూడా కూర్చుని కనిపిస్తుంది.

ఆ కాలంలో సమాధిలో ఒక జాడీ పెట్టేవారు, దాని మీద ఎర్రని లిపిలో ఒక పత్రం. పత్రం అనే అనాలి, ఎందుకంటే భాష అంతా కచేరీ భాష. దేవలోకపు చక్రవర్తి దూత, భూమి అడుగున ఉండే అధికారులకు తెలియజేసుకుంటాడు: ఫలానా వారు ఫలానా రోజున పోయారు, బతికినవారి దారి వేరు, పోయినవారి దారి వేరు, బతికినవారు పడమటి చాంగాన్‌కి చెందుతారు, పోయినవారు తూర్పున తాయ్ పర్వతానికి చెందుతారు, ఒకరి జోలికి ఒకరు రాకూడదు. 173వ సంవత్సరం నాటి ఒక జాడీ అయితే ఇంకా ముందుకెళ్ళి సామాను లెక్క కూడా చెబుతుంది. కింద వెట్టిచాకిరీకి పిలిస్తే పోయినాయన బదులు పనిచేయడానికి సీసపు బొమ్మలు పెట్టారు. బతికినవాళ్ళను పిలిస్తే వాళ్ళ బదులు వెళ్ళడానికి, మనిషి ఆకారంలో ఉండే జిన్‌సెంగ్ వేళ్ళు పెట్టారు. కింది లోకంలో పన్ను కట్టడానికి సోయా గింజలు, పుచ్చగింజలు పెట్టారు. చచ్చినా శిస్తు తప్పలేదన్నమాట! ఇంకొక జాడీ మీద ఆ సీసపు మనిషి యోగ్యతలు ఏకరువు పెట్టారు: దంచగలడు, వండగలడు, బండి తోలగలడు, కలం పట్టగలడు. ఉద్యోగానికి సిఫారసు ఉత్తరంలా ఉంటుంది.

సమాధి నేలకు దస్తావేజు రాసి లోపల పెట్టడమూ ఈ కాలంలోనే కనిపిస్తుంది. అమ్మినవాడు, కొన్నవాడు, సరిహద్దులు, వెల, సాక్షులు అన్నీ ఉంటాయి. కొన్నిట్లో అమ్మేది భూదేవతలే. మన పల్లెల్లో కొత్త ఇంటికి పునాది తీసేటప్పుడు భూమిపూజ చేసి అనుమతి అడుగుతారు. వీళ్ళు అడగడంతో ఆగలేదు, రిజిస్ట్రేషన్ కూడా చేయించారు. పోయినాయన రేపు తన జాగా తనది కాదని లేచి ఇంటికి రాకూడదు కదా. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది ఒప్పందం. నీకు ఇల్లిచ్చాం, గింజలిచ్చాం, నౌకరునిచ్చాం, పన్నుకు సోయా గింజలిచ్చాం. ఇక నువ్వు రావద్దు.

పోయినవాళ్ళు మాట తప్పలేదు. తప్పింది బతికినవాళ్ళే.

హాన్ సామ్రాజ్యం కూలిన రోజుల్లో సమాధుల్ని సైన్యాలే తవ్వాయి. సమాధులు తవ్వడానికి సేనాని త్సావ్ త్సావ్ ప్రత్యేకంగా అధికారుల్నే పెట్టాడని శత్రుపక్షపు రచయిత ఒకడు ఎద్దేవా చేశాడు. శత్రువు మాట కాబట్టి సగం నమ్ముదాం. ఆయన కొడుకు త్సావ్ పీ లోయాంగ్‌లో సింహాసనమెక్కి 222లో తన సమాధి గురించి రాసిన ఆజ్ఞ మాత్రం నమ్మి తీరాలి. హాన్ రాజుల సమాధుల్లో తవ్వకుండా మిగిలింది ఒక్కటీ లేదని, బంగారు తీగ కోసం వాళ్ళ పచ్చరాతి కవచాల్ని ఎముకలతో సహా తగలబెట్టారని తలచుకుని, తనకు దిబ్బ వద్దు, చెట్టు వద్దు, పచ్చరాయి వద్దు, ఎక్కడ ఉన్నానో కూడా ఎవరికీ తెలియనక్కర్లేదు అన్నాడు. రాజుల్లో ఇంత తెలివిగా చావుకు సిద్ధమైనవాడు అరుదు.

తెలివి అందరికీ ఉండదు. ఉత్తర వెయి రాజులు మళ్ళీ దిబ్బలు పోశారు. వీళ్ళు ఉత్తరాది గడ్డిమైదానాల షియెన్‌బెయి జాతివాళ్ళు. వీళ్ళలో షియావోవెన్ చక్రవర్తి 494లో రాజధానిని లోయాంగ్‌కి మార్చాడు. కొలువులో సొంత భాష మాట్లాడొద్దన్నాడు, సొంత బట్టలు కట్టొద్దన్నాడు, తువోబా అనే ఇంటిపేరును యువాన్‌గా మార్చేశాడు. వీటన్నిటికంటే లోతుగా తగిలిన ఆజ్ఞ 495 నాటిది. లోయాంగ్‌కి వచ్చినవాళ్ళు పోతే ఇక్కడే పాతిపెట్టాలి, శవాన్ని ఉత్తరానికి మోసుకుపోకూడదు. మనిషి ఎక్కడ పుట్టాడన్నది కాదు, వాడి తాతను ఎక్కడ మట్టి చేశారో అది వాడి ఊరు. ఆ సంగతి ఆ రాజుకు బాగా తెలుసు.

ఆయన కొడుకు షువాన్‌వు సమాధి ఇప్పుడు మ్యూజియం ఆవరణలోనే ఉంది. దిబ్బ ఎత్తు 24 మీటర్లు. షువాన్‌వు పరమ బౌద్ధుడు. మన దేశం నుంచి వెళ్ళిన బోధిరుచి 508లో ఈయన కొలువుకే చేరాడు. తల్లిదండ్రుల పుణ్యం కోసం లోంగ్‌మెన్ కొండలో ఈయన తొలిపించడం మొదలెట్టిన గుహలకు 8,02,366 పనిదినాలు పట్టాయని రాజచరిత్ర లెక్క రాసింది. ఈయన 515లో పోయాడు. 1991లో పురావస్తువాళ్ళు సమాధి తెరిచేసరికి దొంగలు ఎన్నడో వచ్చి పోయారు. దిబ్బ ముందు కాపలా నిలబడిన రాతి మనిషికి తల లేదు.

దొంగలు ముట్టని వస్తువు ఒకటుంది. ఉత్తర వెయి కాలానికి ప్రతి పెద్దింటి సమాధిలోనూ చదరపు రాతిపలక పెట్టడం స్థిరపడింది. పోయినవారి వంశం, ఉద్యోగాలు, పోయిన తేదీ దాని మీద చెక్కేవారు. పైన మూతగా ఇంకో రాయి. బరువెక్కువ, ధర తక్కువ కాబట్టి దొంగలు అక్కడే వదిలేశారు. ఆ పలకలే చరిత్రకు దక్కాయి. యువాన్ వంశంవాళ్ళ పలకల్లో ఒకే తేదీ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది: 528, నాలుగో నెల, 13వ రోజు. ఆ రోజు సేనాని అర్‌జు రోంగ్ షువాన్‌వు భార్య హూ రాణిని హొయాంగ్‌హోలో ముంచి, ఆహ్వానం మీద వచ్చిన వెయ్యి మందికి పైగా అధికారుల్ని ఈ గుట్ట అవతలే నరికించాడు. చాలా పలకలు ఎలా పోయారో తిన్నగా చెప్పవు. తేదీ చెబుతుంది. ఆ తర్వాతి టాంగ్ రాజుల నాటి పలకలు గుట్ట చుట్టుపక్కల ఊళ్ళలో మెట్ల కిందా బావి గట్టు మీదా పడి ఉంటే, 1930ల్లో జాంగ్ ఫాంగ్ అనే సేనాని వెయ్యికి పైగా కూడబెట్టి తన ఊరు తియెమెన్‌లో గోడలకు తాపించాడు. సైన్యం నడిపినవాడికి దక్కాల్సిన పేరు కంటే ఆ గోడలతో ఆయనకు ఎక్కువ పేరొచ్చింది. న్యాయమే.

దొంగల సంగతి వచ్చింది కాబట్టి వాళ్ళ పనిముట్టు గురించి చెప్పక తప్పదు. లోయాంగ్ పార అని పేరు. సగానికి చీల్చిన ఇనుపగొట్టంలా ఉంటుంది. పొడవాటి కర్రకు తగిలించి నేలలోకి దించితే, లోతున ఉన్న మట్టిని చెదరకుండా పట్టుకొస్తుంది. మాపో అనే ఊరి లీ యాజ్ 1920ల్లో దీన్ని కనిపెట్టాడని చెప్పుకుంటారు. ఆవిరి రొట్టెల అంగడివాడు పందిరి గుంజ కోసం ఇలాంటి పారతో గుంట తీయడం చూసి తట్టిందట. పార పైకి తెచ్చిన మట్టి ఒకే రంగులో ఉంటే అక్కడేమీ లేదు. రకరకాల రంగులు కలగలిసి ఉంటే, దాన్ని వాళ్ళు ఐదుపూల మట్టి అంటారు, ఎవరో ఎప్పుడో తవ్వి పూడ్చారని అర్థం. 1950ల్లో లోయాంగ్‌లో ఫ్యాక్టరీలు కట్టేముందు పురావస్తువాళ్ళు ఇదే పారతో నేలంతా పొడిచి చూశారు. నేటికీ అదే వాడుతున్నారు. గుప్తనిధుల పిచ్చిలో గుడి గర్భగృహాలు పెకలించే మనవాళ్ళ గడ్డపారలు ఏ శాస్త్రానికీ ఉపకరించలేదు, అది వేరే సంగతి.

విచిత్రం ఏమిటంటే, దొంగలకు లేని భయం ఊరి జనానికి ఉండేది. 1905 తర్వాత లోయాంగ్‌కి రైలుమార్గం వేస్తుంటే మాంగ్‌షాన్ మట్టిలోంచి ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల మెరుపు గుర్రాలు, ఒంటెలు బయటపడ్డాయి. సమాధి వస్తువు ఇంట్లో పెట్టుకుంటే అరిష్టమని కూలీలు పగలగొట్టి పారేశారు. మిగిలినవి బేజింగ్ అంగళ్ళకు చేరాయి. లో జెన్‌యూ అనే పండితుడు చూసి వాటి విలువ గుర్తించాకనే అందరూ వెతకడం మొదలెట్టారు. టాంగ్ మూడు రంగుల మట్టి బొమ్మలు అని నేడు ప్రపంచమంతా పిలుచుకునేవి అవే. పగలగొట్టిన కూలీని నేను వెక్కిరించలేను. ఒప్పందం గుర్తుపెట్టుకున్నది అతనొక్కడే.

సోంగ్ సమాధుల గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను. పదకొండో శతాబ్దానికి కొర్రల జాడీ పోయింది, సీసపు మనిషి దాదాపు పోయాడు. ఇటుకనే చెక్కి దూలాలు, కిటికీలు, బల్ల, కుర్చీలు చేశారు. బల్లకు అటూ ఇటూ భార్యాభర్తలు కూర్చుని ఉంటారు. హెనాన్‌లోనే బైషా అనే చోట 1099 నాటి జావో కుటుంబం సమాధిలో వాళ్ళిద్దరూ సంగీతం వింటుంటారు. అదే సమాధిలో వెనక గది వెనక గోడ మీద సగం తెరిచిన తలుపు, అందులోంచి తొంగిచూస్తున్న ఒక అమ్మాయి. ఆ కాలపు సమాధుల్లో ఈ తలుపు బొమ్మ పదే పదే కనిపిస్తుంది. తలుపు వెనక గది లేదు, మట్టే. ఆ అమ్మాయి లోపలికి పిలుస్తోందో, ఎవరొచ్చారో చూస్తోందో తొమ్మిది వందల ఏళ్ళుగా తేలలేదు.

వచ్చే సంచికలో దక్షిణాన చాంగ్‌షాకు వెళ్దాం. దొంగలు చేరలేని సమాధి అక్కడొకటి 1972లో తెరిచారు. మావాంగ్‌దుయ్‌లో 2,100 ఏళ్ళు పడుకున్న దాయ్ దొరసాని చర్మం నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది. ఆమె చివరగా తిన్న ఖర్బూజా గింజలు కడుపులో అరగకుండా మిగిలాయి. డాక్టర్లు లెక్కపెట్టారు: 138.

(సశేషం)